ముప్పై ఐదో గదిలో ఎవరున్నారు?

నేను చేసిన ఉద్యోగానికి గుర్తింపు కార్డు మీద ఒక పేరు ఉండేది, జీతం చీటీ మీద ఇంకో పేరు ఉండేది. చేసిన పని మాత్రం అనుమానపడటం. విశాఖపట్నం పోర్టు దగ్గర ఒక షిప్పింగ్ ఏజెన్సీలో కంప్యూటర్లు చూసుకునేవాణ్ణి. ఎవరి సరుకైనా ఓడెక్కాలంటే ముందు కాగితాలు ఎక్కాలి. ఆ కాగితాలు మా గదిలో తయారయ్యేవి. ఇప్పుడు ఈ పనిలోకి వస్తున్న పిల్లలు నాకంటే చదువుకున్నవాళ్ళు, నాకంటే వేగంగా వేళ్ళు ఆడించేవాళ్ళు. వాళ్ళలో నాకు కనిపించే లోటు ఒక్కటే. తెర మీద కనబడిందల్లా నమ్మేస్తారు.

నాకీ గుణం మా నాన్న నుంచి వచ్చింది. మాది పద్మనాభం అనే ఊరు. ధాన్యం కాటా వేసేటప్పుడు ఊరంతా ముల్లు వైపు చూస్తుంటే, మా నాన్న కాటా బల్ల కిందికి వంగి కాటావాడి కాలు ఎక్కడుందో చూసేవాడు. "ముల్లు ఏటి సేస్తాదిరా పాపం, కాలు ఎటు తొక్కితే అటే కదుల్తాది. నువ్వు కాలు సూడు" అనేవాడు. ఊళ్ళో ఆయన్ని అనుమానాల అప్పలస్వామి అని వెక్కిరించేవారు. ఆయన ధాన్యం మాత్రం ఎప్పుడూ తరుగు పోలేదు.

గదులూ అద్దెకున్నవాళ్ళూ

ముందు ఒక సంగతి చెప్పాలి. ఇది తెలియకపోతే తర్వాతి కథ తలకెక్కదు.

కంప్యూటరుకు అక్షరాలు రావు, గుర్తులు రావు. దానికి తెలిసింది అంకెలే. ఒక్కో గుర్తుకు ఒక్కో నంబరు గది ఇచ్చారనుకోండి. మనం మీట నొక్కితే లోపలికి వెళ్ళేది గుర్తు కాదు, గది నంబరు. తెర ఆ నంబరు చూసి, ఆ గదిలో ఎవరుంటారని తనకు తెలుసో వాళ్ళ బొమ్మ వేస్తుంది. ప్రింటరు కూడా అంతే. చిక్కెక్కడంటే, ఇద్దరి దగ్గరా ఉన్న చిరునామాల పట్టీ ఒకటే కాకపోవచ్చు.

ముప్పై ఐదో గదే చూడండి. అమెరికా లెక్కలో ఆ గదిలో # ఉంటుంది. మేం దాన్ని నంబరు గుర్తు అనేవాళ్ళం. అదే గదిలో ఇంగ్లండు లెక్కన £, అంటే పౌండు గుర్తు కాపురం ఉంటుంది. వాళ్ళ డబ్బు గుర్తుకు చోటు కావాల్సి వచ్చి, అంతగా అక్కర్లేదనుకున్న # ను ఖాళీ చేయించారు. స్వీడన్ వాళ్ళు డాలరునే గదిలోంచి తరిమేశారు. జపాన్ వాళ్ళు ఒక వాలు గీతను పంపేసి తమ యెన్‌ను కూర్చోబెట్టుకున్నారు. మన రూపాయికి అప్పట్లో ఏ గదీ లేదు. ఆర్, ఎస్, చుక్క పక్కపక్కన నిలబెట్టి అదే రూపాయి అనుకోమనేవాళ్ళం. అది అవమానంలా అనిపించేది గానీ, ఒక సుఖం ఉండేది. గది లేనివాణ్ణి ఎవడూ ఖాళీ చేయించలేడు.

ఆ రోజుల్లో సూదులతో టకటకా కొట్టే ప్రింటర్లుండేవి. ఒకే ఫ్యాక్టరీలో చేసి అన్ని దేశాలకూ పంపేవారు. నువ్వు ఏ దేశంలో ఉన్నావో ప్రింటరుకు చెప్పడానికి లోపల చిన్న మూత కింద ఒక వరసలో తెల్లటి బుల్లి మీటలుండేవి, బియ్యపు గింజలంత. కొన్ని పైకి, కొన్ని కిందికి. అందులో ఒక్కటి జరిగితే చాలు, ప్రింటరు విశాఖపట్నంలో కూర్చునే లండనులో ఉన్నాననుకుంటుంది. తెరకు ఆ సంగతి తెలియదు.

తర్వాత రోజుల్లో విండోస్ వచ్చింది, యూరో వచ్చింది, ఈ గొడవ తగ్గలేదు. పాత డాస్‌లో ఆల్ట్ పట్టుకుని 156 కొట్టి తెచ్చుకున్న పౌండు, అదే ఫైలు విండోస్‌లో తెరిస్తే ఓ, ఈ అతుక్కుపోయిన వింత అక్షరంగా మారేది. విండోస్‌లో 0128 కొట్టిన యూరో మా పాత ప్రోగ్రాంలో కింద తోక వేలాడే సి అక్షరమయ్యేది. కుర్రాళ్ళు వైరస్ అని గగ్గోలు పెట్టేవారు. వైరసూ కాదు, గాలీ కాదు. గదిలో ఉన్నవాడు మారాడు, అంతే. అందుకే నేను అడిగే మొదటి ప్రశ్న ఎప్పుడూ ఒకటే. ఈ గదిలో ఇప్పుడు ఎవరున్నారు, వాళ్ళను అక్కడ పెట్టిందెవరు?

రాజు గారు

మా డాక్యుమెంట్ల సెక్షనుకు మేనేజరు రాజు గారు. గోదావరి జిల్లా నుంచి పోర్టు పనికి వచ్చి ఇక్కడే స్థిరపడ్డ మనిషి. తిట్టినా అండీ అని గౌరవంగా తిట్టేవారు. "తమరు బొత్తిగా పనికిమాలినవారండీ" అని ఆయన అంటే, ఒక్క క్షణం పొగిడారేమో అనిపించేది. పనిమంతుడే. కానీ ఒక జబ్బు ఉంది. మొత్తం డాలర్ల లెక్క సరిపోయిందా లేదా చూసి సంతకం పెట్టేసేవారు, మిగతా కాగితం చదివేవారు కాదు. చదవకుండా సంతకం పెట్టే బాస్ కన్నా, చదివి సతాయించే బాస్ నయం. నేను ఇద్దరి కిందా చేశాను కనుక చెబుతున్నాను.

దైవభక్తి ఎక్కువ. దసరాకు ఆఫీసులో ఆయుధ పూజ ఆయన చేతుల మీదుగానే జరగాలి. టైపు మిషను, టెలెక్సు, కంప్యూటర్లు, ప్రింటరు, చివరికి కాగితాలకు రంధ్రాలు చేసే పంచింగ్ మిషను దాకా, అన్నిటినీ తుడిచి పసుపు రాసి, గంధం అద్ది, కుంకుమ బొట్టు పెట్టేవారు. "మనకి అన్నం పెట్టేవి ఇవేనండీ" అని కళ్ళు చెమర్చేవారు. అందులో దొంగ భక్తి లేదు. నాకు అనుమానం ఎక్కువే గానీ, దేవుడి దగ్గర కూడా కాలు వెతికేటంత కాదు. అప్పటికి.

నూకరత్నం

నూకరత్నం జాలరిపేట పిల్ల. తండ్రి, అన్న వేటకు వెళ్ళేవారు. వాళ్ళింట్లో కాలేజీ మెట్లెక్కింది ఈ పిల్ల ఒక్కతే. టైపు పరీక్షలు పాసై మా దగ్గర డేటా ఎంట్రీకి చేరింది. మాట కటువు, చేయి నమ్మకం. నేను మనుషుల్ని సులువుగా మెచ్చుకోను కానీ, ఆ పిల్ల కొట్టిన కాగితంలో తప్పు పట్టాలని చాలాసార్లు చూసి ఊరుకున్నాను. తాను కొట్టినదాన్ని తెర మీద కింది నుంచి పైకి చదివేది. ఎందుకలా అంటే, "పైనించి సదివితే మనం అనుకున్నదే కనబడతాది సార్" అంది. అప్పుడనుకున్నాను, మా నాన్నకు ఈ పిల్ల నచ్చేదని.

రెండు ధరల రాళ్ళు

శ్రీకాకుళం వైపు నుంచి గ్రానైటు బండలు మా పోర్టు మీదుగా విదేశాలకు వెళ్ళేవి. ఒక్కో బండ మీద తెల్ల రంగుతో నంబరు వేసి ఉండేది. కాగితంలో కూడా ఒక్కో బండకు ఒక్కో వరస. మొదట #, తర్వాత ఆ బండ నంబరు, చివర డాలరు గుర్తుతో ధర. ఆ # పెట్టమని అడిగింది ఆ గ్రానైటు పార్టీ ఒక్కటే. మిగతా అందరికీ నంబరు అని ఇంగ్లీషు పొడి అక్షరాలే కొట్టేవాళ్ళం.

తొంభైల మధ్యలో ఒక దసరా వెళ్ళాక, మొదటి గ్రానైటు ఓడ వచ్చింది. నూకరత్నం కాగితాలు కొట్టింది, రాజు గారు సంతకం పెట్టారు, కాగితాలు కస్టమ్స్‌కు వెళ్ళాయి. మర్నాడు పొద్దున రాజు గారు మొహం మాడ్చుకుని వచ్చారు. ఆయన చేతిలో ఉన్న కాగితాల ప్రతి నిండా ఎర్ర పెన్సిలు సున్నాలు.

ప్రతి బండ వరసలోనూ # ఉండాల్సిన చోట పౌండు గుర్తు ఉంది. అంటే ఒక్కో రాయికి రెండు ధరలు, ఒకటి పౌండ్లలో, ఒకటి డాలర్లలో. డాలర్లు మనకు చూపించడానికి, పౌండ్లు అవతలి దేశంలో దాచుకోవడానికి అని అప్రైజరు గారి అనుమానం. సరుకు చూసి విలువ కట్టే అధికారి ఆయన. ఆ రోజుల్లో విదేశీ డబ్బు చట్టం చాలా గట్టిది. ఊరికే మందలించి వదిలేవారు కాదు.

"మరి అవి బండ మీద వేసిన నంబర్లే కదా, యార్డులో చూసుకోవచ్చుగా" అన్నాను.

"చూశారండీ. అసలు ధరనే రాయి మీద రంగేసి పంపుతున్నారేమో అంటున్నారండీ" అన్నారు రాజు గారు.

నిజం చెప్పొద్దూ, ఆ అప్రైజరు మీద నాకు అప్పుడే గౌరవం పుట్టింది. ఆ పాటి అనుమానం నాక్కూడా వచ్చేది కాదు.

రాజు గారి అనుమానం మాత్రం అంత దూరం వెళ్ళలేదు. దగ్గర్లో ఉన్న మనిషి దగ్గర ఆగిపోయింది. సెక్షన్ అంతా వింటుండగా నూకరత్నాన్ని పిలిచారు.

"ఎవరిచ్చారమ్మా నీకు, ఎంతిచ్చారు? దొంగతనానికి మా ఆఫీసే దొరికిందా?"

"నాను నంబరు గుర్తే కొట్టినాను సార్."

"కాగితం మీద పౌండు కనబడుతోంది కదమ్మా. కాగితం అబద్ధం చెబుతుందా?"

అబద్ధం చెప్పడానికే కాగితం పుట్టిందని నేననబోయాను గానీ, ఆయన వినే స్థితిలో లేరు. ఒక తెల్ల కాగితం తీసి ఆయనే రాశారు. పౌండు గుర్తు నేనే కొట్టాను, మేనేజరుకు తెలియకుండా కొట్టాను, అని. సాయంత్రంలోగా నూకరత్నం సంతకం పెట్టాలి, మర్నాడు అది కస్టమ్స్‌లో ఇవ్వాలి, ఓడ ఆగకూడదు. సంతకం పెడితే ఉద్యోగం పోవడం ఒక్కటే కాదు, కేసు ఆ పిల్ల మెడకు చుట్టుకుంటుంది. పెట్టకపోతే ఏజెన్సీయే తనను పట్టిస్తుంది.

"సెయ్యనిది సేసినానని ఎలగ రాత్తాను సార్? నాను ఎట్టను" అంది నూకరత్నం. కాగితం ముట్టుకోలేదు.

నాకు ఒళ్ళు మండింది. కానీ మంట వేరు, రుజువు వేరు. మంట చూపించి ఎవరినీ కాపాడలేం.

తీగ పీకిన ప్రింటరు

రాజు గారిని సాయంత్రం దాకా గడువడిగి, గది తలుపు వేసుకున్నాను. నూకరత్నాన్ని కూర్చోబెట్టి, "నా ఎదురుగా మళ్ళా కొట్టు" అన్నాను.

"మీకూ అనుమానమేనా సార్?"

"అందరి మీదా అనుమానమే. నీ మీద, రాజు గారి మీద, గ్రానైటోడి మీద, ఈ డబ్బా మీద. కొట్టు."

మూతి బిగించి కొట్టింది. తెర మీద # శుభ్రంగా ఉంది. ప్రింటు తీస్తే కాగితం మీద పౌండు. పాత రిబ్బను కావడంతో గుర్తు మసగ్గా ఉంది. రోజూ వందల వరసలు చూసే కన్ను దాటిపోవడంలో వింత లేదు. నూకరత్నం కాగితం వంకా తెర వంకా మార్చి మార్చి చూసి, "సూసినారా" అంది. గెలిచినట్టు కాదు, భయంగా అంది.

ఇక్కడే కొత్తవాళ్ళు ఆగిపోతారు. కంప్యూటరు తప్పు అనేస్తారు. కంప్యూటరు తప్పు అంటే ఎవరూ ఒప్పుకోరు, ఒప్పుకోకూడదు కూడా. ఏ తీగ, ఏ మీట, ఎవరి చేయి అన్నది తేల్చాలి. నేను ప్రింటరుకూ కంప్యూటరుకూ మధ్య తీగ పీకేశాను. కాగితం జరిపే బొత్తాం నొక్కి పట్టుకుని కరెంటు ఇస్తే, ప్రింటరు ఎవరూ అడక్కుండానే తనకొచ్చిన గుర్తులన్నీ వరసగా కొడుతుంది. కొట్టింది. # ఉండాల్సిన చోట పౌండే ఉంది. తీగ లేకుండానే పౌండు వస్తోందంటే, నూకరత్నం వేళ్ళకూ ఆ గుర్తుకూ చుట్టరికం తెగిపోయినట్టే. కాటా బల్ల కిందికి వంగే సమయం వచ్చింది.

చిన్న మూత తీశాను. బుల్లి మీటల వరస. మామూలుగా చివరిది ఒకటి మిగతావాటికి ఎదురు తిరిగి ఉండేది. ఇప్పుడు అన్నీ ఒకే వైపు, పరేడులో నిలబడ్డట్టు తిన్నగా ఉన్నాయి. మరమ్మతు చేసే ఇంజనీరు వానాకాలం నుంచీ మా గడప తొక్కలేదు. మీటల మీద ఎర్రగా ఏదో ఉంది.

మా ఆఫీసున్న పాత ఊళ్ళో ఎర్రగా ఉంటే ఎవరూ పట్టించుకోరు. పోర్టు నుంచి వచ్చే ఇనుప ఖనిజం దుమ్ము మా కిటికీల మీద, చొక్కా కాలర్ల మీద, అన్నం క్యారేజీల మీద కూడా పడేది. ఇదీ అదేననుకుంటే పోయేది. నాకు నచ్చలేదు. దుమ్ము మూత కిందికి దూరి సరిగ్గా ఈ వరస మీదే ఎందుకు కూర్చుంటుంది? తెల్ల కాగితం ముక్క తీసి, చివరి మీటను వదిలి పక్కనున్న అంచు మీద రుద్దాను. ఎరుపు కింద పసుపు గీత వచ్చింది. ముక్కు దగ్గర పెట్టుకున్నాను. గంధం.

కాగితం ముక్క నూకరత్నం ముందు పెట్టాను.

"దసరాకి ఈ మూత తీసి తుడిసిందెవరు?" అని అడిగాను.

"మీకు తెల్దేటి సార్?"

"తెలుసు. నీ నోట ఇనాలి."

"నా నోట ఇంటే కేసు మళ్ళా నా మీదికే వత్తాది. దేవుడి పని సేసినోల మీద సాడీ సెప్పిందంటారు. పసుపు సెప్పనీండి సార్, నాకెందుకు?"

అప్పుడు తెలిసింది, ఈ పిల్లకు సంగతి ముందే అంతో ఇంతో అనుమానం ఉందని. నేనే ఆలస్యంగా వచ్చాను. రాజు గారు ఆ ఏడు మూత తీసి, లోపల కూడా భక్తిగా తుడిచి, వంకరగా ఉన్న ఒక్క మీటనూ అందరితో పాటు తిన్నగా సర్ది, వరసంతటికీ బొట్టు పెట్టారు. పూజకని ఆపిన ప్రింటరును తర్వాత మళ్ళీ వేశారు. వేయగానే అది లండను వెళ్ళిపోయింది.

ఆటోలో సాక్షి

రాజు గారి దగ్గరకు వెళ్ళి విషయం చెప్పాను. తెల్లబోయి, నా వెంట వచ్చి మూత కిందికి వంగి చూశారు. లేచాక ఆయన అన్న మాట ఇప్పటికీ నాకు గొంతులో ముల్లే.

"మంచిదేనండీ. ఆ మీట వెనక్కి తోసేయండి. ఆ పిల్ల సంతకం పెట్టేస్తే ఇక్కడితో సద్దుమణుగుద్ది. పూజ వల్ల జరిగిందంటే నలుగురూ నవ్వుతారండీ, అపచారం కూడాను. చిన్న పిల్ల, ఇంకో చోట ఉద్యోగం దొరక్కపోద్దా?"

పిల్లలూ, ఉద్యోగంలో మీకు చాలామంది బాసులు దొరుకుతారు. తప్పు చేసేవాడి గురించి భయపడకండి, అందరం చేస్తాం. తప్పు తెలిశాక కూడా చిన్నవాళ్ళ మీదికి తోసేవాడి దగ్గర మాత్రం ఒక్క మీట కూడా ముట్టుకోకండి. నేను ముట్టుకోలేదు. మీటల మీద టేపు అంటించి, ప్రింటరును పాత దుప్పట్లో చుట్టి, నూకరత్నాన్ని తోడు రమ్మన్నాను. సంతకం ఆయనది కనుక ఆయనా రాక తప్పలేదు. ఆయన స్కూటరు మీద ముందు పోయారు.

ఆటో అతను దుప్పటి మూటను చూసి, "ఏటి బావ, టీవీయా?" అన్నాడు.

"ప్రింటరు."

"రిపేరుకా?"

"కాదు బావ, సాచ్చీకం సెప్పడానికి."

నూకరత్నం ఆ రోజు మొదటిసారి నవ్వింది. దారి పొడుగునా మూటను ఒళ్ళో పెట్టుకుంది, గతుకుల్లో మీటలు కదలకుండా.

అప్రైజరు గారు చివరిదాకా విన్నారు, నమ్మలేదు. టేబుల్ మీద ప్రింటరు పెట్టి, తీగ లేకుండా గుర్తులు కొట్టించి చూపించాను. ఆయన గడ్డం గీరుకుని, "బాగానే ఉంది. ఇక్కడికొచ్చే ముందు మీరే ఆ మీట జరిపి తీసుకురాలేదని నేనెందుకు నమ్మాలి?" అన్నారు. ఆ ప్రశ్న కోసమే నేను టేపు వేశాను. టేపు తీసి భూతద్దం ఆయన చేతికిచ్చాను. మీట వదిలి వచ్చిన ఖాళీ సందులో గంధం, పసుపు నిండి గట్టిగా ఎండిపోయి ఉన్నాయి. ఎక్కడా గీత లేదు. పూజ అయ్యాక ఎవరైనా జరిపి ఉంటే ఆ పొర చిట్లేది. ఆయన గుండుసూదితో సందులో గుచ్చి చూసుకున్నారు. పొర పొడిపొడిగా రాలింది. తర్వాత ఆయనే తన చేత్తో మీటను వెనక్కి తోశారు. కరెంటు ఆపి వేయించారు. ఈసారి # వచ్చింది.

"పూజ ఎవరు చేశారు?" అన్నారు.

రాజు గారు నూకరత్నం వైపు చూశారు. ఆ చూపుకు అర్థం నాకు తెలుసు, ఆ పిల్లకూ తెలుసు. అప్రైజరు గారు కూడా ఆ చూపు పట్టుకుని అటు తిరిగారు.

"నువ్వా అమ్మా?"

"నాను టైపు సేసినాను సార్. పూజ సెయ్యనేదు."

అంతే అంది. ఇంకొకరి పేరు ఎత్తలేదు.

రాజు గారు, "దేవుడి పని చేస్తే తప్పాండీ?" అన్నారు.

"తప్పని నేనన్నానా? ఎవరు చేశారని అడిగాను."

"నేనేనండీ."

ఆ మాట బయటికి రావడానికి ఆయన ఎంత కష్టపడ్డారో చూశాను. జాలి వేయలేదు. అబద్ధమెందుకు, ఆనందం కలిగింది. ఆ ప్రింటరునే కస్టమ్స్ వాళ్ళ కంప్యూటరుకు తగిలించి, కొత్త కాగితాలు అప్రైజరు గారి ఎదుట కొట్టింది నూకరత్నం. ఆయన వరస వరసా బండ నంబర్లతో పోల్చుకుని ముద్ర వేశారు. సరుకుకు ఓడ అందింది.

చించిన కాగితం చాలదు

ఆఫీసుకు వచ్చాక రాజు గారు తాను రాసిన సంతకం కాగితాన్ని చించి బుట్టలో వేశారు. ఆ తర్వాత ఏమీ జరగనట్టే ఉండిపోయారు. నాతో కొన్నాళ్ళు మాట్లాడలేదు. అది నాకు పెద్ద నష్టం కాదు. నూకరత్నంతో మామూలుగానే మాట్లాడేవారు, కాగితాలిచ్చేవారు, అమ్మా అనేవారు. తప్పయిపోయింది అన్న మాట మాత్రం అనలేదు.

ఆఫీసులో గుసగుసలూ ఆగలేదు. నిప్పు లేందే పొగ రాదు కదా అని ఒకరు, ఏదో సర్దుబాటు చేసుకుని ఉంటారు అని ఇంకొకరు. కస్టమ్స్‌లో జరిగింది చూసినవాళ్ళం ముగ్గురమే. మా సెక్షన్ జనం చూసింది మాత్రం ఆ పిల్లను దొంగ అన్న పూట. వదిలెయ్, మర్చిపోతార్లే అని నేను ఓదార్చబోతే కస్సుమంది.

"సించీసినంత మాత్రాన అయిపోద్దేటి సార్? అందరూ ఇంటుండగా దొంగన్నారు. అందరూ ఇంటుండగానే కాదనాలి."

ఆ మాటలో న్యాయం ఉంది. కానీ మేనేజరు చేత ఎవరు అనిపిస్తారు?

ఆ సంవత్సరం నేనొక పద్ధతి పెట్టాను. ఏ మిషను మూత తీసినా, ఎందుకు తీసినా, మళ్ళీ వేశాక వచ్చే మొదటి కాగితం మీద అన్ని గుర్తులూ కొట్టి చూడాలి. ఆ కాగితం చూశాకే మిగతా పని. ఇప్పటికీ మీకు నేను చెప్పదలచుకున్న పనికొచ్చే మాట ఏదైనా ఉంటే అదే. మంచి రోజులని, మంచి మనుషులని, మంచి ఉద్దేశమని మినహాయింపు ఇవ్వకండి. చెడ్డవాడు మూత తీస్తే మనం జాగ్రత్తగానే ఉంటాం. మంచివాడు తీసినప్పుడే ఏమరుస్తాం. ఆ పద్ధతి రాసి గోడకు అంటిస్తుంటే నూకరత్నం వచ్చి, "ఇంకో మాట కలపండి సార్. మూత ఎవరు ఇప్పితే ఆలే ఆ కాగితం అందరి ముందూ గట్టిగా సదవాల" అంది. నేను ఆ పిల్ల మొహం చూశాను. కలిపాను. రాజు గారు మామూలుగానే చదవకుండా సంతకం పెట్టేశారు.

మళ్ళీ దసరా వచ్చింది. ఆఫీసంతా మామిడి తోరణాలు, అగరొత్తుల వాసన. రాజు గారు పట్టు పంచె కట్టుకుని వచ్చి మిషన్లన్నీ తుడిచారు. ప్రింటరు దగ్గరికి వచ్చేసరికి కాస్త ఆగారు గానీ, అలవాటు ఊరుకోనివ్వలేదు. మూత తీసి, ఒక్క మీటనూ తాకకుండా మూత లోపలి వైపు బొట్టు పెట్టారు. హారతి అయింది. ప్రసాదం చేతుల్లో పట్టుకుని అందరూ గుమిగూడారు. నూకరత్నం ప్రింటరు వేసి మొదటి కాగితం తీసింది. దేవుడి పటం ముందు ఒకసారి పెట్టి, తెచ్చి రాజు గారికి ఇచ్చింది.

"గోడ మీద రాసుంది సార్. మీరే సంతకం ఎట్టినారు."

రాజు గారు గోడ వైపు చూశారు, నా వైపు చూశారు. నేను పులిహోర తింటున్నట్టు తల దించుకున్నాను. ఆయన చదవడం మొదలుపెట్టారు. ఆశ్చర్యార్థకం అన్నారు, కొటేషను అన్నారు. తర్వాతి గుర్తు దగ్గర ఆగిపోయారు. అందరూ ప్రసాదం నమలడం ఆపారు.

"నంబరు గుర్తు" అన్నారు, గొంతులోనే.

"పౌండు కాదా సార్?" అంది నూకరత్నం.

"కాదమ్మా. నంబరు గుర్తే. అప్పుడు కూడా నువ్వు నంబరు గుర్తే కొట్టావు. మీట జరిపింది నేను."

ఆ మాట ఆయన అంటారని నేను అనుకోలేదు. ఇన్నేళ్ళ అనుమానాల్లో ఒక మనిషి గురించి నా అనుమానం తప్పని తేలినందుకు సంతోషించింది ఆ ఒక్కసారే. ఇక అయిపోయిందనుకుని ఆయన కాగితం మడవబోయారు. నూకరత్నం చేయి అడ్డం పెట్టింది.

"ఎనకోలకి ఇనబడనేదు సార్. ఇంకోపాలి సదవండి."

రాజు గారు కళ్ళజోడు తీసి పంచె చెంగుతో తుడుచుకున్నారు. మళ్ళీ పెట్టుకుని, ఈసారి గది చివర నిలబడ్డ వాచ్‌మన్‌కు కూడా వినబడేటట్టు, మొదటి నుంచీ చదివారు.